స్టీలు డబ్బాలకు బదులు

కుసుమకుమారి గారు పేపర్లో ముందు చూసేది చావు కబుర్లు. తెనాలిలో రేపల్లె పాసింజరు ఎక్కగానే జిల్లా పేజీ విప్పి, నల్లగీతల మధ్య ఉన్న ఫొటోలన్నీ చూసి, పోయినవారి ఊరూ పెద్దకర్మ తేదీ చిన్న నోటుబుక్కులో రాసుకునేవారు. ఎదురు సీట్లో కూర్చునే నాకు పొద్దున్నే ఒళ్ళు మండేది. ఆవిడ మా హైస్కూల్లో తెలుగు టీచరు. నేను లెక్కల మాస్టర్ని, మీరా మొహిద్దీన్ని. ఇద్దరిదీ తెనాలే, బడి రేపల్లె దారిలో ఒక పల్లెటూళ్ళో.

ఆ నోటుబుక్కు సంగతి అర్థం కావాలంటే మా వైపు ఆచారం ఒకటి తెలియాలి. ఇక్కడ పెద్దకర్మ నాడు భోజనం పెట్టి ఊరుకోరు. వచ్చినవాళ్ళందరికీ పోయినవారి పేరు చెక్కించిన స్టీలు డబ్బా చేతిలో పెట్టి పంపుతారు. కాస్త కలిగిన ఇల్లయితే ఐదారు వందల డబ్బాలు. మా ఇంట్లో కందిపప్పు డబ్బా మీద ఒకాయన పేరుంది, పంచదార డబ్బా మీద ఇంకొకావిడ పేరుంది. వాళ్ళెవరో నాకూ తెలీదు, మా ఆవిడ షాహీదాకూ తెలీదు. అలాంటి ఇళ్ళకు వెళ్ళి, ‘ఆ డబ్బాల్లో సగం మానేసి ఆ డబ్బుతో మా బడికి పుస్తకాలు కొనిపెట్టండి’ అని అడగడం కుసుమకుమారి గారు నెత్తినేసుకున్న పని.

మా బళ్ళో పుస్తకాలు ఎప్పుడూ లేకపోలేదు. హెడ్మాస్టరు గదిలో బీరువా నిండా ఉండేవి, ఇరవై ఏళ్ళు తాళం కింద. ఒక్క పుస్తకం పోయినా ఎవరి మెడకు చుట్టుకుంటుందోనని ఏ టీచరూ తాళంచెవి అడగలేదు. ఆవిడా అడగలేదు. మూడేళ్ళ కిందట బీరువా తెరిస్తే చెదలు తినగా మిగిలిన పొడి కనపడింది.

“ఇరవయ్యేళ్ళు నేనూ చూస్తూ కూర్చున్నాను సార్. ఎన్ని వందలమంది పిల్లలు చదువుకుని వెళ్ళిపోయారో!” అన్నారు ఆరోజు. ఆవిడ పట్టుదలకు అసలు కారణం ఆ సిగ్గే. రిటైరవ్వడానికి ఒక్క ఏడాది ఉండగా అది ముదిరింది.

ఆ వేసవి మొదట్లో బళ్ళో ఒక గది ఖాళీ అయింది. మా హెడ్మాస్టరు ముత్తయ్య గారు మంచివారే గానీ ఖచ్చితమైన మనిషి. “జూన్ పన్నెండున బడి తెరుస్తాం. ఆ రోజుకి పుస్తకాలుంటే లైబ్రరీ, లేకపోతే మధ్యాహ్నభోజనం బియ్యం బస్తాలు. తర్వాత నన్ను అనుకుని లాభం లేదమ్మా” అన్నారు. బాపట్లలో జిల్లా ఆఫీసుకు రెండుసార్లు వెళ్ళాం. మర్యాదగానే కూర్చోబెట్టి, ఈ ఏడు వచ్చిన డబ్బు కరెంటు బిల్లుకూ మరుగుదొడ్లకూ సరిపోయిందని కాగితాలు చూపించారు. వాళ్ళను అనడానికేం లేదు. పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పెడితే దండాల బొమ్మలు బోలెడు వచ్చాయి.

అప్పుడు పట్టారు ఆవిడ ఈ పెద్దకర్మల దారి. బడి ఉన్నన్నాళ్ళూ ఆదివారాలు, తర్వాత సెలవుల్లో రోజూ, మే నెల ఎండలో, నా స్కూటర్ మీద. ఎందుకు తిప్పానంటే, ఆవిడకు కాదని చెప్పడం నాకు చేతకాలేదు. కోటేశ్వరమ్మ గారని ఒకావిడ పోతే వాళ్ళ పిల్లలు పుస్తకాలు పెట్టుకోవడానికి ఇనుప రాకులు చేయించారు. ఇంకో ఇంట్లో ఏమీ ఇవ్వకపోగా మా ఇద్దరికీ చెరొక డబ్బా ఇచ్చి పంపారు. నెల తిరిగేసరికి ఊళ్ళలో పేరు పడిపోయింది. “టీచరమ్మ వస్తోంది, ముసలాయన్ని లోపలికి తీసుకుపోండ్రా” అని మా ముందే నవ్వేవారు. ఆవిడ కూడా నవ్వేవారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది.

ఒకరోజు భట్టిప్రోలు వెళ్తుంటే దారిలో ఒక ఇంటి ముందు తోరణాల్లేని షామియానా కనపడింది. అద్దె కుర్చీలు, గేటు దగ్గర చెప్పుల గుట్ట, పక్క స్థలంలో గాడిపొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. చావింట్లో మొదటి రోజుల్లో పొయ్యి వెలగదు. గాడిపొయ్యి తవ్వారంటే పెద్దకర్మే. “పేపర్లో లేదేమండీ?” అన్నాను. “అందరూ వేయించరుగా సార్, ఆపండి” అన్నారు.

గుమ్మంలో ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిన ఇంటి కోడలు చందన నిలబడి ఉంది. కుసుమకుమారి గారు ఆమె చేతులు పట్టుకుని, “పెద్దవాళ్ళు పోవడం మీకు తీరని లోటమ్మా. వారి పేరు నిలబడేలా ఒక పని అడగడానికి వచ్చాను” అంటూ బడి సంగతి మొదలుపెట్టారు. చందన కొయ్యబారిపోయింది.

“ఎవరమ్మాయ్ అక్కడ?” అని వరండాలోని మంచం మీదనుంచి ఓ గొంతు వినపడింది.

ఆయనే ఆ ఇంటి పెద్ద, చందన మామగారు సుందరయ్య గారు. ఇంక లాభం లేదని గుంటూరు డాక్టర్లు అంతకు రెండు రోజుల ముందు ఇంటికి పంపేశారు. చివరిచూపుకని చుట్టాలు ఊళ్ళనుంచి దిగబడితే వాళ్ళకు నీడ కావాలని షామియానా వేశారు, వాళ్ళకు వండిపెట్టడానికి గాడిపొయ్యి తవ్వారు. నాకు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

కొడుకు కృష్ణకాంత్ లోపలినుంచి ఊగిపోతూ వచ్చాడు. “మా నాన్న ఇంకా బతికే ఉన్నాడండీ! ఎప్పుడు పోతాడా అని కాచుక్కూర్చున్నారా? మనుషులేనా మీరు?”

ఆవిడ ఏ సాకూ చెప్పలేదు. “తప్పయిపోయింది బాబూ” అని, మంచం దగ్గరకు వెళ్ళి నేలమీద కూర్చుని సుందరయ్య గారి కాళ్ళు ముట్టుకున్నారు. “బాబాయి గారూ, నన్ను క్షమించండి” అన్నారు.

ఆయన ఊపిరి కూడదీసుకున్నారు. “ఒరేయ్ కృష్ణా, ఆవిణ్ణి ఎందుకురా అంటావ్? నిన్న మధ్యాహ్నం నేను నిద్రపోతున్నాననుకుని తెనాలి కొట్టుకి ఫోన్ చేశావుగా. ఆరొందల డబ్బాలు చెప్పావు. నాకు కాళ్ళే పోయాయిరా, చెవులు బానే ఉన్నాయి.”

“పెళ్ళిళ్ళ సీజను నాన్నా... తర్వాత దొరకవేమోనని...” అంటూనే కృష్ణకాంత్ కుర్చీలో కూలబడి ముఖం కప్పుకున్నాడు.

“తప్పేముందిరా, చెయ్యాల్సిందేగా” అని సుందరయ్య గారు ఆవిడ వైపు తిరిగారు. “డబ్బాలు వద్దని చెప్తానమ్మా. ఆ డబ్బుతో పుస్తకాలు కొనుక్కోండి. కానీ ఇప్పుడే కొనండి, నేను చూడాలి. పోయాక కొంటే నాకేం తెలుస్తుంది? ఇంకోటి, నా పేరు ఎక్కడా రాయించొద్దు. రాస్తే దాని ముందు కీర్తిశేషులు ఎప్పుడు చేర్చాలా అని మావాడికి మళ్ళీ ఇంకో పని.”

మూడోరోజుకల్లా విజయవాడనుంచి పుస్తకాల పెట్టెలు ఆ ఇంటికే తెచ్చాం. సుందరయ్య గారు ఒక్కొక్కటే గుండెమీద పెట్టించుకుని అట్ట తడిమి చూసుకున్నారు. అయిదో తరగతితో చదువు ఆగిపోయిందట. కృష్ణానది మీద పడవ నడుపుకునే మనిషి కథ అని ఆవిడ చెప్పిన పుస్తకం ఒకటి చేతికి తగిలితే, “నాకు కళ్ళు ఆనట్లేదు, ఇది చదివిపెడతావా అమ్మాయ్?” అని అడిగారు.

కుసుమకుమారి గారు తొమ్మిది రోజులు తెనాలినుంచి పొద్దుటి బండికి వెళ్ళి చదివారు. రోజూ పన్నెండు, పదమూడు పేజీలు. అలసిపోతే ఆయన కళ్ళు మూసుకునేవారు, ఆవిడ ఆపి గుర్తు పెట్టుకునేవారు. కృష్ణకాంత్ గుమ్మంలో ఫోన్ చెవిన పెట్టుకుని నిలబడేవాడు గానీ ఆవిణ్ణి ఒక్కరోజూ పలకరించలేదు. పదోరోజు వెళ్ళేసరికి సుందరయ్య గారు లేరు. ఆవిడ బతికున్న మనిషి దగ్గర పెద్దకర్మ మాట ఎత్తినందుకు మళ్ళీ మళ్ళీ ఏడ్చారు. అలా అడగబట్టే గదా ఆయన ఆ కథ విన్నారని నేనెంత చెప్పినా వినిపించుకోలేదు.

జూన్ పన్నెండున బియ్యం బస్తాలు వేరే చోటికి వెళ్ళాయి. ఆ గదిలో పిల్లలు నేలమీద బోర్లా పడుకుని చదువుకున్నారు. ఒకడు పుస్తకం మీద సిరా ఒలకబోస్తే కుసుమకుమారి గారు తుడిచి వాడికే ఇచ్చారు. బీరువాకు ఇరవయ్యేళ్ళు తాళం వేసిన బడి ఇదేనా అనిపించింది నాకు. ఊళ్ళో మాత్రం, సుందరయ్య గారి పెద్దకర్మకు వెళ్తే వట్టి చేతులతో పంపారని గొణుగుడు వినపడింది.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం కృష్ణకాంత్ గుండుతో బడికి వచ్చాడు. గుమ్మం బయటే చెప్పులు విడిచి, “నాన్నకు చదివింది ఏదండీ?” అని అడిగాడు. ఆవిడ తీసిచ్చారు.

“ఎక్కడిదాకా విన్నాడండీ?”

“నూట పన్నెండో పేజీ బాబూ.”

“తొమ్మిది రోజులూ గుమ్మంలోనే ఉన్నానండి. ఒక్క ముక్క చెవిన పడలేదు. ఆ డబ్బాలవాడితో, చుట్టాలతో, టెంటువాడితో ఫోన్లే సరిపోయాయి” అని పిల్లల బెంచీ మీద ఒదిగి కూర్చుని మొదటి పేజీ తీశాడు. తెలుగు చదివి ఎన్నేళ్ళయిందో, వేలు పెట్టుకుని నెమ్మదిగా చదివాడు. నాలుగు రోజులు వరసగా వచ్చాడు. నాలుగోరోజు లేచి పుస్తకం మూసి ఆవిడ చేతికిచ్చాడు.

“ఇంకా సగం ఉందిగా బాబూ, ఇంటికి తీసుకెళ్ళు” అన్నారు ఆవిడ.

“వద్దండి. నాన్న ఇక్కడిదాకే విన్నాడు.”

కుసుమకుమారి గారు ఆ పుస్తకాన్ని రాకులో పెట్టలేక చాలాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడ్డారు. నాకు కూడా ఆ పూట క్లాసుకు వెళ్ళబుద్ధి కాలేదు.