అది మిష్మిష్ కాదు

నాలుగేండ్లుగా ఈ మాట ఎవురికీ చెప్పలేదు. నా పెండ్లానికి కూడా. దాన్ని మోసి మోసి లోపలంతా తిమ్మిరెక్కింది. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్తాండా.

మాది కడప పక్క. కువైట్‌లో, అర్దియాలో ఒక ఇంట్లో డ్రైవరుగా పన్జేస్తాండా. యజమాని తల్లిని పెద్ద మామా అంటాం, ఈడ మామా అంటే అమ్మ. భర్త పోయినాక ఆమెకు తోడు ఒక పిల్లి. పేరు మిష్మిష్.

పెంపుడు పిల్లులకు చిప్పు తప్పనిసరి అని రూలొచ్చింది. మెడకాడ చర్మం కింద బియ్యపుగింజంత చిప్పు పెడతారు, మిషను ఆనిస్తే నంబరు కనపడుతుంది. ఆ పని నాకు అప్పజెప్పినారు. పిల్లిని బుట్టలో పెట్టి కార్లో తీసుకపోతా దోవలో అబ్బాసియాలో ఆగినాను. మా ఊరాయన ఇంటి నుంచి కారప్పొడి తెచ్చింటే తీసుకుందామని. మాటల్లో పడినాను. ఆగస్టు నెల. కారు అద్దాలన్నీ ఎత్తే ఉండాయి. పిల్లి సంగతి మర్చిపోయినానా? లేదు. గుర్తుంది. ఏం కాదులే అనుకున్నా. ఆ అనుకోవడాన్నే ఇన్నేండ్లు తిప్పి తిప్పి చూసుకుంటాండా, అందులో తొందర లేదు, కోపం లేదు, ఒక ప్రాణం నా చేతిలో ఉందనే తలపే లేదు.

తిరిగొచ్చేసరికి బుట్టలో కదలిక లేదు.

ఇసకలో పూడ్చినాను. పిల్లులమ్మే కొట్లో అట్లాంటిదే ఇంకోటి వెతికి తెచ్చి, దానికి చిప్పు పెట్టించి, మిష్మిష్ అని రాయించి, కాయితంతో సహా ఇంట్లో ఇచ్చినాను.

పెద్ద మామా ఒళ్ళోకి తీసుకోని వెంటనే కిందికి దించేసింది. ఇది నాది కాదు అనింది. కొడుకు నవ్వి కాయితం చూపించినాడు. ఆమె నా పక్క తిరిగింది.

"నువ్వు చెప్పు బిడ్డా. రోజూ చూస్తావు కదా. ఇది మిష్మిషేనా?"

"అదే మామా."

ఆమె ఒప్పుకోలేదు. రోజూ అదే మాట. పశువుల ఆస్పత్రిలో మిషను ఆనించి చూపించినారు. కాయితంలో ఉండే నంబరే వచ్చింది. ఇంక ఆమెకే మతి తప్పుతాందని డాక్టరు దగ్గరికి తీసుకపోయినారు. మాత్రలు మొదలైనాయి. ఇంటి తాళాలు ఆమె చేతిలోంచి తీసేసుకున్నారు. ఒంటరిగా గడప దాటనీలేదు. ప్రతిసారీ కారు నడిపింది నేనే. ఎందుకు నోరు తెరవలేదు? ఈడ ఉండే పర్మిటు, ఇఖామా పోతుందనా? మొదట్లో అదే. తర్వాత దేనికో నాకే తెలీదు.

పోయిన నెల షర్క్‌లో డాక్టరు దగ్గర్నుంచి వస్తాంటే వెనక సీట్లో నుంచి ఆమె అనింది, "నా బుద్ధే చెడింది. నిన్ను కూడా అనుమానించినా. మనసులో పెట్టుకోవద్దు బిడ్డా."

నేను తలూపినాను.

ఆమె బుద్ధి చెడలేదు. ఆమె పిల్లి నావల్ల చచ్చిపోయింది. ఆమెతో అనాల్సిన మాట, ఆమెకు రాని భాషలో మీకు రాసినా. రాసినాక ఊపిరి కొంచెం ఆడుతాంది. నాకు.