మాలక్‌కే పర్మిషన్ లేదు

దాజీ పేట్‌లోని మా పెద్దనాన్న టవల్ షెడ్డులో, డిజైన్ల కంప్యూటర్‌ను అందరూ రూట్ ఖాతాతోనే వాడేవారు. ఆ ఖాతాతో ఏం చేసినా, ఏం చెరిపినా కంప్యూటర్ అడ్డు చెప్పదు. ఈ రోజు ఎవరి ఖాతా వాళ్లకు విడిగా పెట్టి, రూట్ పాస్‌వర్డ్ ఒక్క వదినకే ఇచ్చాను. డిజైన్లు గీసేది ఆమే. కాసేపటికి పెద్దనాన్న ఒక పాత నెమలి డిజైన్ తీసేయబోతే "అనుమతి లేదు" అని వచ్చింది.

"షెడ్డు నాది, మిషన్ నాది, మాలక్‌ను నన్నే వద్దంటదేంది?"

"మగ్గం చెడితే పానా పట్టుకొని నట్లు నువ్వే ఇప్పుతవా, పెద్దనాయిన?" అన్నాను.

"ఛత్! నేను ముడితే ఇంకింత చెడ్తది. చాయ్ తాపి, మగ్గాలు బాగుచేసే జాబర్‌తోని చేపిస్త."

"ఈ కంప్యూటర్‌కు జాబర్ వదినే."

ఆయన లేచి వెళ్లి, స్వయంగా చాయ్ తెచ్చి కోడలి ముందు పెట్టాడు. వదిన చాయ్ తాగింది. "ఇది ఇంకా పనికొస్తది" అని నెమలిని మాత్రం తీయలేదు.

మీ ఇంట్లో పానా ఎవరి చేతిలో ఉంది?