రెండుసార్లు చెప్పిన ఇంగ్లీషు

నాకు ఇంగ్లీషు మాట్లాడడం నేర్పింది రేడియో. అందులోనూ మామూలు వార్తలు కాదు, మెల్లగా చదివే వార్తలు. ఆ రోజుల్లో చిన్న చిన్న పత్రికలవాళ్ళు రాసుకోవడానికి వీలుగా పగటిపూట ఒక ఇంగ్లీషు బులెటిన్ వచ్చేది. చదివే ఆయన ఒక వాక్యాన్ని ముక్కలు ముక్కలుగా చదివి, కాసేపు ఆగి, మళ్ళీ అదే వాక్యం మొదటినుంచి చదివేవాడు. వినేవాళ్ళకు చాలా ఓపిక ఉండాలి. నాకు పుట్టుకతోనే ఓపిక లేదు గానీ, వినక తప్పని పరిస్థితి ఒకటి వచ్చింది.

కర్నూలు రాజధానిగా ఉన్న కాలమది. ఆళ్లగడ్డ బజారులో వర్తకులు కొందరు చందాలు వేసుకుని ఒక రీడింగ్ రూము పెట్టారు. రెండు బెంచీలు, ఒక బ్యాటరీ రేడియో, బయటి గోడకు ఒక నల్లబల్ల. దాన్ని చూసుకునే పని మా నాయనది. వెనకవైపు రెండు గదుల్లో మా కాపురం. రాజధాని మన జిల్లాలోనే ఉన్నా, పత్రిక మాత్రం మద్రాసులో అచ్చయి, రైల్లో నంద్యాలకు వచ్చి, అక్కడ బస్సెక్కి మా ఊరు చేరేసరికి మరునాడయ్యేది. అందుకని రేడియోలో మెల్లగా చదివే వార్తలు విని, తెలుగు చేసి, సాయంత్రానికల్లా నల్లబల్ల మీద రాయాలని వర్తకులు షరతు పెట్టారు. ఇంగ్లీషు వచ్చా అని అడిగితే నాయన తల ఊపాడట.

ఆయన ఇంగ్లీషు అక్షరాల దగ్గరే ఆగిపోయింది. వయసులో ఉన్నప్పుడు ఒక వకీలు దగ్గర కాగితాలకు నకళ్ళు రాసేవాడు. దస్తూరి ముత్యాల్లాగా ఉండేది. ఆ ముత్యాలకు అర్థమేమిటో అడిగిన పాపాన ఎవరూ పోలేదు, ఆయనా పోలేదు.

మొదటి రోజు రేడియో ముందు కూర్చుని పెన్సిలు బాగా చెక్కుకున్నాడు. వార్తలు అయిపోయేసరికి కాగితం మీద తేదీ తప్ప ఏమీ లేదు. నంద్యాలలో మేనత్త ఇంట్లో ఉండి ఎస్.ఎస్.ఎల్.సి. ముగించుకుని నేను అప్పుడే వచ్చి ఉన్నాను. తలుపు వెనకనుంచి అంతా విన్నాను. నాకు అందిన ఐదారు సంగతులు తెలుగులో చెబితే ఆయన వెళ్ళి బోర్డు మీద రాశాడు. ఊరు మెచ్చుకుంది. ఇక రోజూ అదే తంతు. వినేది నేను, తెలుగు చేసేది నేను, బజారులో నిలబడి పేరు తెచ్చుకునేది నాయన. నాకు అప్పుడప్పుడు ఒళ్ళు మండేది. కానీ సంగతి బయటపడితే ఆ కొలువూ పోతుంది, ఆ రెండు గదులూ పోతాయి. అందుకని నోరు మూసుకునేదాన్ని.

రేడియో ఆయన రెండోసారి చదివేటప్పుడు నేనూ ఆయనతో పాటు చదివేదాన్ని. వినడానికి వేరే ఇంగ్లీషు లేదు, మాట్లాడడానికి వేరే మనిషీ లేడు. అట్లా రెండేళ్ళు గడిచాయి.

ఆ తర్వాత నంద్యాలలో ఒక ఆడపిల్లల ట్రైనింగు స్కూల్లో సీట్లకు పిలుపు వచ్చింది. పంతులమ్మనై సొంత జీతం తెచ్చుకోవాలని నాకు గట్టిగా ఉండేది. జీవితమంతా తలుపు వెనక కూర్చుని వార్తలు వినడం నావల్ల కాదు. రాత పరీక్ష గట్టెక్కాను. మిగిలింది ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష. అందులో పోతే సీటు పోయినట్టే.

ఆ పొద్దున నాయనా నేనూ నంద్యాల బస్సెక్కితే, ముందు సీట్లో మా ఊరి బట్టల కొట్టాయన కూర్చుని ఉన్నాడు. రీడింగ్ రూముకు చందా వేసేవాళ్ళలో ఆయనది పెద్ద చెయ్యి. తన కూతుర్నీ అదే పరీక్షకు తీసుకుపోతున్నాడు. "మీ పాపకేమప్పా, ఇంట్లోనే ఇంగ్లీషు పండితుడు ఉండాడు" అన్నాడు నాయనతో. నాయన కిటికీలోంచి జొన్నచేలు చూస్తూ కూర్చున్నాడు.

పరీక్ష ఒక గదిలో. తలుపులు తెరిచే ఉన్నాయి. తోడు వచ్చినవాళ్ళందరూ వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. లోపల ఒక దొరసాని, పక్కన తెలుగు పెద్ద పంతులమ్మ. అందరికీ ఒకటే ప్రశ్న: నీకు వార్తలు ఎట్లా తెలుస్తాయి, రోజూ ఏం చదువుతావు, ఏం వింటావు, చెప్పు. నాకంటే ముందు వెళ్ళిన పిల్లలంతా తెల్లవారి లేచి కాఫీ తాగుతూ ఇంగ్లీషు పత్రిక చదువుతామని చెప్పి వచ్చారు. బట్టల కొట్టాయన కూతురూ అదే చెప్పింది. ఆ పత్రిక ఆళ్లగడ్డలో తెల్లవారి ఎట్లా దొరుకుతుందో నాకు తెలియదు. వాళ్ళింట్లో కాఫీ తాగరని మాత్రం తెలుసు.

నా వంతు వచ్చింది. మా ఇంట్లో వార్తలు రేడియోలో వింటామని ఇంగ్లీషులో చెప్పాను. మెల్లగా, ముక్కలు ముక్కలుగా. ఆగాను. మళ్ళీ అదే వాక్యం మొదటినుంచి చెప్పాను. తనకు వినబడలేదని నేను అనుకున్నానేమోనని దొరసాని, వినబడింది అన్నట్టు తల ఊపింది. రెండో వాక్యమూ అంతే, రెండుసార్లు. మూడో వాక్యానికి దొరసాని తనకు తెలియకుండానే పెన్సిలు తీసి రాసుకోవడం మొదలుపెట్టింది. నాలుగోదానికి పెద్ద పంతులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఒక్కసారి చెబితే చాలు అంది దొరసాని, నవ్వుతూనే. సరేనన్నాను. అక్కడే వచ్చింది చిక్కు. రెండోసారి చెప్పేటప్పుడే కదా తర్వాతి వాక్యం మనసులో తయారయ్యేది. ఆ వ్యవధి లేకపోయేసరికి నాకు ముందుకు దారి కనబడలేదు. ఒక వాక్యం చెప్పి గోడకేసి చూస్తూ నిలబడ్డాను. దొరసాని నా పేరున్న కాగితం తిప్పి పక్కన పెట్టింది. సీటు పోయిందని నాకు అర్థమైంది. ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది, ఆ రేడియో ఆయన మీద.

అప్పుడు పెద్ద పంతులమ్మ తెలుగులో అడిగింది. "నీది ఆళ్లగడ్డ కదా. కడప పోయేటప్పుడు మా బస్సు ఆ బజార్లోనే ఆగుతుంది. ఒక గోడ మీద ఆ పూట వార్తలు రాసి ఉంటాయి. చాలా బాగుంటాయి. ఎవరు రాస్తారమ్మా?"

నేనే అంటే చాలు. ఈ నత్తి ఎక్కడినుంచి వచ్చిందో వాళ్ళకే తెలిసిపోతుంది. కానీ వరండాలో బెంచీ మీద నాయన పక్కనే బట్టల కొట్టాయన కూర్చుని ఉన్నాడు, మా మాటలు అక్కడికి వినబడుతున్నాయి.

"మా నాయన" అన్నాను.

పెద్ద పంతులమ్మ ముఖం వెలిగింది. దొరసానికి ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పింది. మా స్కూల్లోనూ అట్లాంటి బోర్డు పెట్టాలనుకుంటున్నాం, ఆయన్ని లోపలికి పిలువు అంది నాతో. మంచికి పోతే చెడు ఎదురైనట్టయింది నా పని.

నాయన తువ్వాలు చేతిలో పట్టుకుని లోపలికి వచ్చి నిలబడ్డాడు. దొరసాని లేచి నమస్కారం పెట్టి, ఇంగ్లీషులో పొడుగ్గా ఏదో మెచ్చుకోలుగా చెప్పి, ఒక ప్రశ్న అడిగింది. రోజుకు ఎంతసేపు పడుతుంది అని. నాయన నా వంక చూశాడు. నేను నోరు తెరిచాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. పక్కన పెట్టిన నా కాగితాన్ని చూశాడు, నా ముఖం చూశాడు.

"అమ్మా, నాకు ఇంగ్లీషు రాదు" అన్నాడు పెద్ద పంతులమ్మతో. గొంతు తగ్గించలేదు. "రేడియో వినేది ఈ పాపే. తెలుగు చేసేదీ ఈ పాపే. రెండేండ్లనుంచి ఒక్క దినం తప్పకుండా చేస్తాంది. నేను సుద్దముక్కతో బోర్డు మీదికి ఎక్కిస్తా, అంతే. రేడియోలో రెండుసార్లు చెప్తారు గదా, అందుకని ఈ పాపకు అదే అలవాటైంది. మీరు గబగబా అడగాకండి. నిదానంగా అడగండి, అన్నీ చెప్తాది."

బయట బెంచీ కిర్రుమంది. నాయన నాకేసి మళ్ళీ చూడకుండా వెళ్ళిపోయాడు.

దొరసాని నా కాగితం మళ్ళీ తన ముందుకు లాక్కుంది. నిన్న నువ్వు విన్న వార్తలు చెప్పు, నీకు ఎట్లా అలవాటో అట్లాగే చెప్పు అంది. చెప్పాను. వాక్యం వెంట వాక్యం, రెండేసి సార్లు, చివరిదాకా. ఎక్కడా తడుముకోలేదు. సీటు వచ్చింది. బట్టల కొట్టాయన కూతురికీ వచ్చింది.

తిరుగు బస్సులో నాకు భయం. ఆ రెండు గదులూ సర్దుకోవాల్సిన సామానూ కళ్ళ ముందు కనబడుతున్నాయి. చివరికి బట్టల కొట్టాయనే వెనక్కి తిరిగాడు.

"ఇంగ్లీషు వచ్చునని చెప్తివి గదప్పా."

"మా ఇంట్లో ఇంగ్లీషు వచ్చునని తల ఊపినా" అన్నాడు నాయన. "అబద్ధమైతే కాదు."

ఆయన పెద్దగా నవ్వాడు. ఊరు చేరాక వర్తకులు కూర్చుని మాట్లాడుకున్నారు. తిట్టినవాళ్ళు తిట్టారు. చివరికి రూము ఊడ్చి, పత్రికలు సర్ది, తాళం వేసే పనికి నాయన్నే ఉండనిచ్చారు. గదులూ నిలిచాయి. ఇంగ్లీషు పండితుడనే మర్యాద మాత్రం పోయింది. బజార్లో పిల్లలు కూడా ఆయన్ని చూసి ఇంగ్లీషులో పలకరించేవాళ్ళట.

ట్రైనింగులో చేరాక మొదటి సెలవులకు ఇంటికి వచ్చాను. బస్సు దిగేసరికి నాయన గోడ దగ్గర నిలబడి, తెలుగు పత్రిక చూసుకుంటూ బోర్డు రాస్తున్నాడు. నన్ను చూడలేదు. వెనక నలుగురు మనుషులు. అందులో ఒకాయన విసుక్కున్నాడు.

"ఏందప్పా ఇది, నిన్న అయిపోయిన వార్తలు ఈపొద్దు రాస్తాండావు."

నాయన వెనక్కి తిరగలేదు. రాసే వాక్యం ముగించి, చేతులు దులుపుకున్నాడు.

"ఈపొద్దు వార్తలు రాసే మనిషి నంద్యాలలో చదువుకుంటాండాది" అన్నాడు, బజారంతా వినబడేటట్టు. "నా కూతురు. ఆ పాప వచ్చేంతవరకూ నిన్నటివే చదువుకోండి."

రెండేళ్ళు ఆయన మీద లోపల్లోపల మండిపడ్డదాన్ని. పెట్టె కింద పెట్టి, నడిబజార్లో నిలబడి ఏడ్చాను.