గోవా దాకా వెళ్లి పప్పా?

మాకు కొత్తగా పెళ్లై ఉత్తరాదిలో కాపురం పెట్టిన రోజులు. జనక్‌పురి వెళ్లే బస్సులో ఉండగా మా గోవా ట్రిప్ చూస్తున్న ట్రావెల్ ఏజెంట్ ఫోన్ చేసి మళ్లీ అదే పాట పాడాడు: "మేడమ్, హలాల్ కా టెన్షన్ మత్ లో, ప్యూర్ వెజ్ హోటల్ దిలా దూంగా!"

హలాల్ గురించి బెంగ వద్దట, శాకాహార హోటలే ఇప్పిస్తాడట! ఫోన్ పెట్టేసి పక్కనున్న మా ఆయన మీద విరుచుకుపడ్డాను. మాది గుంటూరు, ఇంట్లో ఉర్దూ అయినా కోపం మాత్రం తెలుగులోనే వస్తుంది. "హలాల్ కోడి దొరకదని హనీమూన్‌కి వెళ్లి మూడు పూటలా పప్పు తినమంటాడా?"

ముందు సీట్లో నర్సు డ్రెస్సులో ఉన్న ఆవిడ వెనక్కి తిరిగింది. ఆవిడా తెలుగావిడే! "సముద్రం పక్కన కూర్చుని కోడి కోసం ఏడుస్తారేంటమ్మా? చేపని ఎవరూ హలాల్ చెయ్యక్కర్లేదు కదా!" అనేసి ధౌలా కువాన్ స్టాప్‌లో దిగిపోయింది.

ఆ ముక్క నాకే తట్టనందుకు ఒళ్లు ఇంకా మండింది.

గోవాలో రోజూ చేపలే తిన్నాం. మా ఆయనకు ముళ్లు తీసుకోవడం రాదని అక్కడే తెలిసింది. ఇప్పటికీ విసుక్కుంటూ నేనే తీసిపెడుతున్నాను.