నాచారం గదిలో తెరిచి ఉంచిన మైకు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, జూన్ మొదటి వారంలో నన్ను నాచారం సాయంత్రపు తరగతి గదికి ఆపరేటర్‌గా వేశారు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం అది. ఇప్పుడు ఆ పనిలో లేను. కానీ పాఠం ఒక ఊళ్లో, పిల్లలు ఇంకో చోట ఉండే ఈ వీడియో తరగతుల్లో మధ్యన పెట్టెల దగ్గర కూర్చునే మనిషి ఏం చేస్తుందని ఇప్పటికీ కొందరు అడుగుతుంటారు. నోటితో చెప్పడం నాకు చేతకాదు. అందుకే ఒక సంగతి రాస్తున్నాను.

ఆ తరగతులు నడిపేది ఒక ట్రస్టు. ఉప్పల్‌లో ఒక స్టూడియో ఉండేది. అక్కడ లెక్చరర్ బోర్డు ముందు నిలబడి చెప్పే పాఠం నాచారం, అన్నోజిగూడ గదుల్లోకి ఒకేసారి వెళ్లేది. చదువు మధ్యలో ఆపేసి, ఉద్యోగం చేసుకుంటూ ఓపెన్ ఇంటర్ రాసేవాళ్ల కోసం ఆ ఏర్పాటు. ఉప్పల్‌లో కోఆర్డినేటర్ రమణ గారు అన్నిటికీ పెద్ద. గదికొక ఆపరేటర్. వరసలో అందరికంటే కింద ఉండేది మేమే. లెక్చరర్‌తో మేము నేరుగా మాట్లాడే పని లేదు. హెడ్‌సెట్‌లో రమణ గారు చెప్పింది వినాలి, చెయ్యాలి. మాట్లాడాల్సిన అవసరం రాని ఉద్యోగమని నేను లోలోపల ఎంతో సంతోషించాను.

మా గది ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక బేరింగుల దుకాణం పైన ఉండేది. తరగతికి చాలా ముందే వెళ్లి కోడెక్ ఆన్ చేసేదాన్ని. కోడెక్ అంటే బొమ్మనూ మాటనూ అవతలి గదికి చేరవేసే పెట్టె. మిగతావన్నీ దానికి తగిలించినవే. తర్వాత ఉప్పల్‌కు టెస్ట్ కాల్. మాట వస్తోందా, బొమ్మ ఆగకుండా కదులుతోందా, సార్ రాసింది చివరి బెంచీకి కనిపిస్తోందా చూసుకోవాలి. అన్నీ సరిగా ఉంటే తరగతి మొదలయ్యేదాకా కాస్త సమయం మిగిలేది. బ్యాగులో ఉన్న లైబ్రరీ పుస్తకం అప్పుడు బయటికి వచ్చేది.

మాకు రెండు గట్టి నియమాలు ఉండేవి. మొదటిది, మా గది మైకు ఎప్పుడూ మూసి ఉండాలి. రెండు గదుల మైకులూ తెరిచి ఉంటే ఫ్యాన్ల మోత, కింద షట్టరు దించే చప్పుడు, లారీ హారన్లు అన్నీ కలిసి సార్ చెవిలో పడతాయి. ఎవరైనా చెయ్యెత్తితేనే తెరవాలి. రెండోది, మాట్లాడేవాళ్ల మీదికి కెమెరా జూమ్ చెయ్యాలి. రిమోట్‌లో వరసకొక నంబరు ముందే దాచి ఉంటుంది. నొక్కగానే కెమెరా అక్కడికి తిరుగుతుంది. మా ముందు రెండు పెద్ద టీవీలు ఉండేవి. ఒకదాంట్లో సార్ కనిపిస్తే, రెండోదాంట్లో మేము ఉప్పల్‌లో ఎలా కనబడుతున్నామో అది కనిపించేది. దాన్ని సెల్ఫ్ వ్యూ అంటారు.

మా విద్యార్థులు దాదాపు అందరూ మందుల కంపెనీల ప్యాకింగ్ సెక్షన్లలో పనిచేసే ఆడవాళ్లు. షిఫ్ట్ వదలగానే టోపీ గుర్తు నుదుటి మీద ఉండగానే మెట్లెక్కి వచ్చేవారు. అందులో మంగమ్మక్కది నల్లగొండ వైపు. ప్యాకింగ్ లైన్ లీడర్. ఆమె వచ్చిందని మెట్ల దగ్గరే తెలిసేది. స్వరూపది జనగామ వైపు. అదే లైన్‌లో పని. చివరి బెంచీలో గోడ పక్కన కూర్చునేది. ఆమె కంపెనీలోనే క్వాలిటీ ల్యాబ్‌లో హెల్పర్ పోస్టు ఖాళీ కాబోతోందనీ, ఇంటర్ కెమిస్ట్రీ పాసైతే ప్యాకింగ్ నుంచి తీసుకుంటామని ఆఫీసువాళ్లు అన్నారనీ నాకు మంగమ్మక్క చెప్పింది. స్వరూప చెప్పలేదు.

కెమిస్ట్రీ చెప్పేది భాస్కరరావు సారు. కాకినాడ మనిషి. పాఠం బాగా చెప్పేవారు. కాకపోతే ప్రశ్న వేసి జవాబు కోసం ఎక్కువసేపు ఆగలేరు. “ఏమర్రా నాచారం, ఉన్నారా, పడుకున్నారా?” అనేవారు. మంగమ్మక్క చెయ్యెత్తేది. నేను మైకు తెరిచి ముందు వరస నంబరు నొక్కేదాన్ని. టీవీ నిండా తన మొహం రాగానే ఆమె ముందు కొంగు సర్దుకుని, నుదుటి మీద జుట్టు పక్కకు తీసి, అప్పుడు మొదలుపెట్టేది.

“అందరికి సమజైంది సార్. జర మల్లొక్కసారి జెప్పున్రి.”

“సమజైతే మళ్లీ ఎందుకమ్మా?” అనేవారు సారు. గదంతా నవ్వేది. నేను మైకు మూసేదాన్ని. నాలుగు నెలలు ఇలాగే గడిచింది.

దసరా సెలవులయ్యాక రమణ గారు స్వయంగా నాచారం వచ్చారు. తరగతి అయ్యాక అందరినీ కూర్చోబెట్టి మర్యాదగానే చెప్పారు. అన్నోజిగూడ నుంచి చాలామంది మాట్లాడుతున్నారు, నాచారం నుంచి మంగమ్మ గారొక్కరే. మిగిలినవాళ్లు వింటున్నారో లేదో సారుకు తెలియడం లేదు. వచ్చే శుక్రవారం ట్రస్టు పెద్దలు స్టూడియోలో కూర్చుని తరగతి చూస్తారు. ఇదే తీరు అయితే ఈ గది మూసేసి, అందరినీ ఉప్పల్ స్టూడియోలో సార్ ఎదుటే కూర్చోబెడతారు. అదైతే ఇంకా మంచిదే కదా అన్నారు.

ఆయన మెట్లు దిగాక మంగమ్మక్క అంది: “మనం బట్టలు మార్సుకుని ఉప్పల్ వోయే లోపట్నే క్లాసు షురూ అయితది. ఇగ ఎవలు పోతరు?”

స్వరూప సంచిలో పుస్తకాలు పెట్టుకుంటోంది. “లీవు వెట్టి రోజూ పోతమా అక్కా. నేనైతే మానుకునుడే,” అంది.

నాకు తెలిసినది ఒకటుంది. సారుకూ రమణ గారికీ తెలిసే వీలు లేనిది. మైకు మూసి ఉన్నప్పుడు ఆ గదిలో ఏం జరుగుతుందో వినేది నేనొక్కదాన్నే. సార్ ప్రశ్న వెయ్యగానే చివరి బెంచీ నుంచి ముందు బెంచీకి గుసగుసలు నడిచేవి. ప్రశ్నలు, జవాబులు, అనుమానాలు అన్నీ చేతులు మారుతూ మంగమ్మక్క చెవికి చేరేవి. ఆమె వాటన్నిటినీ కలిపి ఒక్క మాట చేసి చెప్పేది: జర మల్లొక్కసారి జెప్పున్రి.

మర్నాడు అందరికంటే ముందు వచ్చిన మంగమ్మక్కను, ఎందుకలా అని అడిగాను. పెద్ద ప్రశ్నేమీ కాదు. అయినా అడగడానికి ముందు రిమోట్ బ్యాటరీలు తీసి మళ్లీ వేశాను.

“లైన్ల గట్లనే గద చెల్లె,” అంది ఆమె. “ఎవ్వలకేం గావాల్నన్నా లీడర్‌కి జెప్పాలె. సీదా సూపర్‌వైజర్ దగ్గరికి వోతే, ‘నీకు లీడర్ లేదా’ అంటడు. గా అలవాటే ఈడికొచ్చింది.”

అప్పుడే వచ్చిన స్వరూప పక్కనే నిలబడి వింటోంది. ఆమెనూ అడిగాను. ఆమె రెండో టీవీ వైపు చూపించింది.

“గండ్ల నా మొఖం గంత పెద్దగ వడ్తది మేడమ్. ఒకపారి చెయ్యి లేపిన, యాదుందా? నా మొఖం నేను సూసుకునేసరికి అడగాల్సింది మర్శిపోయిన. సార్ ‘చెప్పమ్మా, చెప్పమ్మా’ అనవట్టె. కూసున్న.”

నాకు గుర్తుంది. ఆరోజు చివరి వరస నంబరు నొక్కింది నేనే, నియమం ప్రకారం. ఆ జూమ్ ఎందుకంటే, మాట్లాడేవాళ్ల మొహం సారుకు దగ్గరగా కనిపించాలని. మాట్లాడే మనిషికే ఆ మొహం గోడంత పెద్దదై ఎదురొస్తుందన్న సంగతి నియమం రాసినవాళ్లకు తట్టలేదు. నాకు తట్టి ఉండాలి. పెళ్లి వీడియోలో నేను కనబడితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయే మనిషిని.

సెల్ఫ్ వ్యూ ఆపడానికి ఒక బటన్ చాలు. మా గది బొమ్మ ఎలా వెళ్తోందో చూసుకోవడానికి నా బల్ల మీద చిన్న మానిటర్ ఎలాగూ ఉంది. సీలింగ్ మైకు ఉన్నా, చివరి బెంచీలో మెల్లగా మాట్లాడితే ఫ్యాన్ గాలిలోనే పోతుంది. బీరువాలో వాడకుండా ఉన్న బల్ల మైకును అక్కడికి వైరు లాగి పెట్టాను. మిగిలింది మంగమ్మక్క. గురువారం సాయంత్రం ఆమెను ఆపి, రేపు మాత్రం మీరు చెయ్యెత్తకండి అక్కా అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. “ఎందుకు? నా నోరు గంత సెడ్డదైందా?”

కాదక్కా, మీ నోరుంటే వాళ్ల నోరు లేవదు అన్నాను. అన్నాక భయం వేసింది. ఆమె వెనక్కి తిరిగి గదంతా వినేలా అరిచింది: “ఓ పోరిల్లారా! రేపు నాకు గొంతు వోయింది. దవాఖానకు వోయిన అనుకోండ్రి. ఎవ్వల ముచ్చట వాళ్లే జెప్పుకోవాలె.”

శుక్రవారం మంగమ్మక్క చివరి వరసకు, స్వరూప పక్కకు మారి కూర్చుంది. రెండో టీవీ నల్లగా ఉంది. ఏమైందని ఎవరో అడిగితే ఈరోజు అది అక్కర్లేదన్నాను. కొన్ని భుజాలు కిందికి దిగడం నాకు కనిపించింది.

ఆరోజు పాఠం ద్విగత చర్యలు. కొన్ని రసాయన చర్యలు ముందుకే పోతాయి, కాగితం కాలినట్టు. కొన్ని ముందుకు పోయి, పరిస్థితి మారితే వెనక్కి రాగలవు. ఇవి ద్విగత చర్యలు. సారు సమీకరణంలో రెండు వైపులా బాణాలు గీసి, మీరు రోజూ చూసేవాటిలో ఇలాంటిది ఒకటి చెప్పండి, ముందు నాచారం, అన్నారు.

ఎవరూ చెయ్యెత్తలేదు. అయినా నేను మైకు తెరిచాను. కెమెరాను గదంతా కనిపించేలా ఉంచాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కింద ఎవరో ఆటో స్టార్ట్ చేస్తున్నారు. గుసగుస మొదలై మంగమ్మక్క దాకా వచ్చింది. ఆమె రెండు పెదవులూ బిగించి, గొంతు మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపింది.

హెడ్‌సెట్‌లో రమణ గారు. “నాచారం, మ్యూట్‌లో ఉన్నారా?”

లేదు సార్, తెరిచే ఉంది అన్నాను.

“మరి నిశ్శబ్దమేంటమ్మా? ఎవరో ఒకరి మీదికి జూమ్ చెయ్యండి. పెద్దవాళ్లు చూస్తున్నారు. లేదంటే అన్నోజిగూడకు వెళ్లిపోతాం.”

అంతవరకు ఆయన చెప్పింది చెయ్యకపోవడం ఎప్పుడూ లేదు. రిమోట్ చేతిలోనే ఉంది. నొక్కలేదు. కొంచెం గట్టిగానే అన్నాను: “జూమ్ చేస్తే వాళ్లు మాట్లాడరు సార్. వాళ్లు ఆలోచిస్తున్నారు. కాసేపు ఇలాగే వదిలెయ్యండి.”

తెరిచి ఉన్న గది మైకు నా మాటను కూడా పట్టుకుంటుందని ఆ క్షణంలో నాకు తట్టలేదు. ఆ మాట హెడ్‌సెట్‌లోకే కాదు, ఉప్పల్ స్టూడియోలోకీ అన్నోజిగూడ గదిలోకీ వెళ్లింది. టీవీలో సారు చేతిలో మార్కర్‌తో ఆగిపోయి మా వైపు చూశారు. మా గదిలో అందరి తలలూ నా బల్ల వైపు తిరిగాయి.

“వామ్మో!” అంది మంగమ్మక్క, పోయిన గొంతుతోనే. “మన మేడమ్‌కి గూడ నోరున్నదే!”

గది ఘొల్లుమంది. టీవీలో సారు కూడా నవ్వారు. ఆ నవ్వు ఇంకా పూర్తిగా ఆగకముందే చివరి బెంచీ నుంచి స్వరూప గొంతు వచ్చింది. చెయ్యెత్తలేదు, లేచి నిలబడలేదు.

“సార్, మా ల్యాబ్ బయట ట్రేలల్ల నీలం గుండ్లుంటయి. తేమ వట్టుకుంటే గులాబి రంగైతయి. ఓవెన్‌ల వెడితే మల్ల నీలమైతయి. అదిగూడ ద్విగతమేనా?”

సారు బోర్డు దగ్గర్నుంచి కెమెరా దగ్గరికి వచ్చేశారు. “ఎవరండీ అడిగింది?”

“స్వరూప!” గదంతా ఒక్కసారే.

“స్వరూపా, ఆ గుళికలు సిలికా జెల్. వాటిలో కోబాల్ట్ లవణం కలుపుతారు. నీళ్లు చేరితే గులాబి, నీళ్లు పోతే నీలం. అక్షరాలా ద్విగత చర్య! మీ ఓవెన్‌లో ఎంతసేపు పెడతారు?”

“అది నాకు ఎర్కలేదు సార్. నన్ను లోపటికి రానియ్యరు. అద్దంల కెల్లి సూస్త.”

వానాకాలం అవి తొందరగా గులాబి అవుతాయని ఇంకొకామె అంది. మందుల డబ్బాల్లో వేసే చిన్న పొట్లాల్లోనూ అదే ఉంటుందా అని మరొకామె. అదీ సిలికా జెల్లే, రంగు మాత్రం కలపరు అన్నారు సారు. అక్కడికి మంగమ్మక్క ఓర్చుకోలేకపోయింది. “ఆ పొట్లాలు వేసేది నేనే సార్! ఇన్నేండ్ల సంది వేస్తున్న, లోపల ఏమున్నదో ఇయ్యాలనే ఎర్కైంది!” అన్నోజిగూడకు వంతు వచ్చేసరికి పాఠం సమయం దాదాపు అయిపోయింది. నేను ఒక్కసారీ జూమ్ చెయ్యలేదు. రమణ గారు కూడా మళ్లీ చెయ్యమనలేదు.

సోమవారం ఆయన ఫోన్ చేశారు. నాచారం గది పరీక్షల దాకా నడుస్తుందన్నారు. రెండో టీవీ ఎందుకు ఆపారని అడిగితే కారణం చెప్పాను. అన్నోజిగూడలో కూడా ఆపి చూద్దామన్నారు. అనుమతి లేకుండా నియమం మార్చకూడదని కూడా అన్నారు. అది న్యాయమే.

స్వరూప ఏప్రిల్‌లో పరీక్ష రాసింది. కెమిస్ట్రీ పాసైంది, ఇంగ్లీషు రెండోసారి రాసి గట్టెక్కింది. నేను ఆ ఉద్యోగం వదిలే ముందు ఒకరోజు గదికి వచ్చి, తాను ఇప్పుడు అద్దానికి లోపలి వైపు పని చేస్తున్నానని చెప్పింది. ఓవెన్‌లో గుళికలు ఎంతసేపు పెట్టాలో కూడా చెప్పింది. సారుకు ఆ జవాబు బాకీ ఉందట. మైకు తెరవమని అడిగి తనే చెప్పింది.

నా తర్వాత వచ్చిన ఆపరేటర్‌కు పని నేర్పేటప్పుడు, రమణ గారి అనుమతితో, పాత నియమాలకు రెండు కలిపాను. మాట్లాడేవాళ్లకు వాళ్ల మొహం చూపించకూడదు. సారు ప్రశ్న వేశాక గది నిశ్శబ్దంగా ఉంటే, అవతలి నుంచి ఎవరు తొందరపెట్టినా, ముందుగా మైకు మూసేది మాత్రం ఆపరేటర్ కాకూడదు.