సామ్రాజ్యం ఆంటీ ట్రాక్టరు

ఎదురింటివాళ్ళు వంటగది పెద్దది చేసుకుంటున్నారు. ఈ ఉదయం కిటికీ తెరవగానే తడి సిమెంటు వాసన గుప్పున లోపలికొచ్చింది. దాంతో నాకు సామ్రాజ్యం ఆంటీ గుర్తొచ్చారు, ఆవిడ వెనకే నా పాత కడుపుమంటా గుర్తొచ్చింది. మనిషి పోయి ఏడాది కావస్తున్నా అది చల్లారలేదు.

స్టాన్‌మోర్‌లో మా పక్కిల్లు ఆవిడది. తెనాలి దగ్గర పల్లెలో పుట్టి, ఈ ఇంగ్లీషు దేశానికొచ్చి ఒక డాక్టరు క్లినిక్‌లో రిసెప్షనిస్టుగా పనిచేసి రిటైరయ్యారు. అంకుల్ పోయాక ఆయన కొన్న గార్డెన్ ట్రాక్టరు అమ్మకుండా, వెనకాల పెద్ద తోటలో గడ్డి తనే కోసుకునేవారు. మా అమ్మాయి మేఘనకు అప్పుడు పదమూడేళ్ళు. నాతో "ఫైన్ మమ్", "నథింగ్ మమ్" అని రెండు ముక్కల్లో తేల్చేసే పిల్ల, పక్కింటి గడప దాటితే చాలు, తెలుగులో గలగలా మాట్లాడేది. నేను వండిన పప్పు ముట్టదు గానీ అక్కడ అదే పప్పు మారు వడ్డించుకునేది. పొరుగింటి పుల్లకూర రుచి అని పైకి నవ్వేసేదాన్ని. లోపల మాత్రం కళ్ళల్లో నిప్పులు పోసుకునేదాన్ని. కూరతో ఆగితే బాగానే ఉండేది, నా కూతురే చేజారిపోతోంది.

ఆ చలికాలం మంచు బాగా పడింది. మా వీధి ఏటవాలు. మంచు కరగడానికి ఉప్పు చల్లే కౌన్సిల్ వాళ్ళ బండి పెద్దరోడ్డు వరకే వస్తుంది. ఆంటీ ట్రాక్టరు ముందు మంచు తోసే రేకు బిగించుకుని బయల్దేరారు. కాస్త ఎత్తు ఎక్కేసరికి వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి.

"బరువు చాల్లేదే పిల్లా," అన్నారు మేఘనతో. "మా నాన్న పొలంలో దమ్ము చేసేప్పుడు ట్రాక్టరు టైర్లలో నీళ్ళు పోయించేవాడు. మనమూ పోద్దాం పట్టు."

ఇద్దరూ కష్టపడి వాల్వులోంచి నీళ్ళు ఎక్కించారు. వాట్‌ఫర్డ్‌లో నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. ఈ తప్పు నాకు మా కిటికీలోంచే కనిపించింది. చెప్పొచ్చు, చెప్పలేదు. కానిచ్చి చూద్దాం అనుకున్నాను.

తెల్లారేసరికి టైర్లలో నీళ్ళు ఒక పక్కకే దిమ్మలా గడ్డకట్టాయి. ట్రాక్టరు కదిలితే చాలు, సీటు మీద ఆంటీ ఎగిరెగిరి పడుతున్నారు. నా ఆనందం ఇంతా అంతా కాదు. కోటు వేసుకుని మరీ వెళ్ళి, "ఇది తెనాలి కాదు కదా ఆంటీ," అన్నాను, మేఘనకు వినపడేలా.

ఆవిడ నా వంక చూసి, టైరు వంక చూసి, ఒక్కసారిగా పగలబడి నవ్వారు. "ఇన్నేళ్ళుగా ఫ్రీజర్లో ఐసు పెడుతున్నానే జయా! నా బుర్ర ఏ గంగలో కలిసింది?" మేఘన మంచులో కూలబడి నవ్వింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నవ్వుతుంటే, గెలిచిన నేను పక్కన ఒక్కదాన్నే నిలబడ్డాను.

ఇంటికొచ్చాక ఉండబట్టలేక అడిగేశాను. "ఆవిడ దగ్గర అంత ఏముందే?"

"రాంగ్ అయితే ఆంటీ నవ్వేస్తారు మమ్," అంది. తడి బూట్లు విప్పుకుంటూ, "నువ్వు నన్ను అన్నీ కరెక్ట్ చేస్తావ్," అంది. ఆ వాక్యం కూడా దిద్దబోయి నోరు మూసుకున్నాను.

వెచ్చబడ్డాక వాళ్ళు ఆ నీళ్ళు తీసేశారు. బరువు కోసం రెండు పాత ప్లాస్టిక్ బేసిన్లలో కాంక్రీటు పోసి, చక్రాలకు బిగించడానికి వీలుగా అందులో పొడుగు బోల్టులు నిలబెడుతున్నారు. ఆంటీ గోడ మీంచి నన్ను పిలిచారు. "జయా, నువ్వు తప్పులు బాగా పడతావ్ కదా, వచ్చి ఈ బోల్టులు తిన్నగా ఉన్నాయేమో చూడమ్మా." అందులో ఎత్తిపొడుపు కోసం వెతికాను, దొరకలేదు. ఒక బోల్టు ఒరిగి ఉంది, సరిచేశాను.

"చూశావా, మీ అమ్మ లేకపోతే ఇది చక్రానికి పట్టేదే కాదు," అన్నారు మేఘనతో. నా కూతురి ముందు నన్ను పొగిడినందుకు కూడా ఆవిడ మీద కుళ్ళుకున్నాను. ఇంకొకరిని అంత తేలిగ్గా మెచ్చుకోవడం నాకెప్పుడూ చేతకాలేదు.

తరవాత మంచు పడినప్పుడు, ఆ కాంక్రీటు దిమ్మల బరువుతో ట్రాక్టరు ఏటవాలు మొత్తం ఎక్కింది. వీధంతా కిటికీల్లోంచి చేతులూపింది. మేఘన ముందు నడుస్తూ దారి చూపించింది. నేనూ చెయ్యూపాను, ఎవరికో నాకే తెలియకుండా.

ఆంటీ పోయినప్పుడు క్రిమటోరియం హాల్లో మేఘన లేచి మాట్లాడింది. యూనివర్సిటీ నుంచి ఆ పని మీదే వచ్చింది. కాగితం లేకుండా, అంతా తెలుగులోనే. జనం కళ్ళు తుడుచుకుంటున్నారు. నేనూ ఏడ్చాను. కానీ నిజం చెప్పాలంటే, నేను పోయినప్పుడు ఇలా మాట్లాడుతుందా అన్న దిగులుతో ఏడ్చాను. పెట్టెలో పడుకున్న మనిషిని చూసి కూడా అసూయపడ్డాను.

మేఘన వచ్చి నా పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టుకుని, "తప్పులొచ్చాయా అమ్మా?" అంది మెల్లగా. మమ్ అనలేదు.

"నాకేం వినపళ్ళేదురా," అన్నాను.

అబద్ధం. వచ్చినవన్నీ నాకు వినపడ్డాయి, ఒక్కొక్కటీ నాలిక చివరిదాకా వచ్చింది, మింగేశాను. ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్లోనూ మింగుతూనే ఉన్నాను. అందుకే ఇంకాసేపు మాట్లాడుతుంది. ఆంటీకైతే ఇలా మింగాల్సిన పనే ఉండేది కాదు. నాకింకా కుళ్ళు అక్కడే.