పొరపాటున వచ్చిన టోకెన్లు

మా ఎదురు వరుసలో ఉండే అక్క వేమగల్‌లోని ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. మెషిన్ల నుంచి వచ్చే లోహపు ముక్కలు సరైన కొలతకు వచ్చాయో లేదో చూసి, పనికిరానివాటిని పక్కన పెట్టడం ఆమె పని. నేను బెంగళూరులోని ఒక కంపెనీకి ప్రోగ్రాములు రాస్తాను. వారంలో రెండు రోజులు రైలెక్కి ఆఫీసుకు వెళ్తాను. మిగతా రోజులు కేజీఎఫ్‌లోనే, బంగారు గనుల వాళ్ళు ఎప్పుడో కట్టించిన క్వార్టర్సులో, మా ముందుగదిలో కూర్చుని పనిచేస్తాను. ఆమె నాకంటే పదేళ్ళు పెద్దది. ఇద్దరికీ ఆదివారమే సెలవు కాబట్టి, మా మాటలన్నీ ఆదివారం పొద్దున్నే.

అలాంటి ఒక ఆదివారం ఆమె ఫోన్ పట్టుకుని వచ్చింది.

"ఈ యాప్ తెరుచుకోవట్లేదమ్మా. నాలుగు దినాలాయ. ఏమాయనో చూడు."

ఎవరో తెలిసినవాళ్ళు చెబితే ఆ యాప్‌లో ఆమె ఏడాదిగా టోకెన్లు, అంటే ఇంటర్నెట్లో చెల్లే క్రిప్టో నాణేలు, కొంటోందట. నాకు అంతవరకు చెప్పలేదు. చూశాను. యాప్ తెరుచుకోలేదు, వాళ్ళ వెబ్‌సైట్ కూడా లేదు. ఫోన్ నంబరు పనిచేయడం లేదు. విషయం ఆమెకు ఎలా చెప్పాలా అని నేను ఆలోచిస్తుంటే ఆమే అడిగింది.

"నేను కొన్నవి ఇప్పుడు యాడ ఉండాయి?"

"వాళ్ళ దగ్గరే అక్కా. నీ పేరు పక్కన వాళ్ళ కంప్యూటర్లో ఒక అంకె రాసుకున్నారు, అంతే."

"అంటే నా చేతికి ఎప్పుడూ రాలేదా?"

"రాలేదు."

ఆమె ఏడవలేదు. కాసేపు ఫోన్‌ను తిప్పి తిప్పి చూసి, "వాళ్ళు లోపల ఏం చేస్తా ఉండారో బయటోళ్ళు చూసేకి కాదా?" అంది.

"దీంట్లో కాదు."

"చూసేకి అయ్యేది ఒకటి ఉండాదా మరి?"

ఉంది. అలాంటి వాటి గురించి నేను కొన్నేళ్ళుగా చదువుతున్నాను, చదవడమే తప్ప ఏమీ చేయలేదు. ఆ రోజు ఆమెకు వివరించడానికి కాగితం మీద రెండు కుప్పలు గీశాను. రెండు రకాల టోకెన్లను ఎవరైనా తెచ్చి రెండు కుప్పలుగా పోస్తారు. మార్చుకోదలచినవాడు తన టోకెన్లు ఒక కుప్పలో వేసి, దానికి సరిపడా రెండో కుప్పలోంచి తీసుకుంటాడు. ఏ కుప్ప తరుగుతూ వస్తే దాని ధర పెరుగుతుంది. కుప్పలు పోసినవాళ్ళకు ప్రతి మార్పిడిలో కొద్దిగా రుసుము మిగులుతుంది. ఎంత తీసుకోవాలో, ఎంత ఇవ్వాలో చెప్పేది మనిషి కాదు, కాంట్రాక్ట్ అనే ఒక చిన్న ప్రోగ్రాం. అది ఏ కంపెనీ కంప్యూటర్లోనూ ఉండదు. ఎక్కడెక్కడో ఉన్న వేల కంప్యూటర్లు ఒకే నకలు దాచుకునే బ్లాక్‌చెయిన్‌లో ఉంటుంది. దాని కోడ్‌ను ఎవరైనా చదవొచ్చు. మూసేయడం ఎవరి వల్లా కాదు.

"నువ్వు చేయగలవా ఇట్లాంటిది?" అని అడిగింది.

చేయగలననుకుంటున్నాను అన్నాను. మొదలైంది అలా.

రోజూ ఆఫీసు పనికి ముందు పొద్దున రెండు గంటలు దీనికి పెట్టాను. రైల్లో సీటు దొరికిన రోజు అక్కడా రాసేదాన్ని. రాసిందంతా మొదటి రోజు నుంచే అందరికీ కనబడేలా ఇంటర్నెట్‌లో పెట్టాను. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, తప్పులు చెప్పొచ్చు. మొదటి మూడు నెలలు దాన్ని చూసినవాళ్ళు ఎవరూ లేరు.

బైరకూరులో మా చిన్నాయన టమాటాలు వేస్తాడు. కోలారు మార్కెట్‌కు సరుకు తెచ్చిన రోజు, నాకు వీలుంటే వెళ్ళి కలుస్తాను. ఒకసారి వేలం అయ్యాక, ఖాళీ బాక్సులు బోర్లించి వాటి మీద కూర్చుని టీ తాగుతూ, ఈమధ్య ఏం చేస్తున్నావని అడిగాడు. చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"మండీ సావుకారు లేకుండానే బేరమా?"

"అవును చిన్నాయనా. బేరం కూడా లేదు. లెక్క ప్రకారం ధర వస్తుంది."

"తగాదా వస్తే ఎవరి దగ్గరికి పోవాల?"

"ఎవరి దగ్గరికీ పోయే పని లేదు. రాసిందంతా బయటే ఉంటుంది, ఎవరైనా చదువుకోవచ్చు."

"నాకు చదివేకి రాదు కదమ్మా" అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు, ఉన్నమాట అన్నాడు. ఆయన లేచి గ్లాసులు ఇచ్చేసి వచ్చి, తను వచ్చిన బండి వెతుక్కున్నాడు.

కాంట్రాక్ట్ ఒక రూపానికి వచ్చాక దాన్ని పరీక్షల కోసమే ఉండే నెట్‌వర్క్‌లో పెట్టాను. అక్కడి టోకెన్లకు విలువ ఉండదు, ఎంత తప్పు చేసినా నష్టం లేదు. అక్కకు ప్రోగ్రాములు రాయడం రాదు. కానీ వస్తువును పట్టుకుని ఎక్కడ తేడా ఉందో వెతకడం ఆమెకు ఇరవై ఏళ్ళ అలవాటు. నోట్‌బుక్ తెచ్చుకుని, నా కంప్యూటర్ ముందు కూర్చుని, ఎంత వేస్తే ఎంత వచ్చిందో వరుసగా రాసేది. నేను రాసిన పరీక్షలన్నీ మామూలు మొత్తాలతో చేసినవే. ఆమె మొదట చాలా పెద్ద మొత్తాలు వేసి చూసింది. మూడో ఆదివారం అతి చిన్నవి మొదలుపెట్టింది.

"ఇట్లా రామ్మా" అని పిలిచింది. "ఇంతకంటే చిన్నది వేసేకి కాదు కదా? ఇది వేస్తే, రావాల్సినదానికంటే రవ్వంత ఎక్కువ వస్తా ఉండాది. పది తూర్లు చూసినాను."

"భాగించేటప్పుడు శేషం మిగులుతుంది అక్కా. దాన్ని ప్రోగ్రాం దగ్గరి అంకెకు సర్దుతుంది. లెక్కలోకి వచ్చేంత పెద్దది కాదు."

ఆమె ఒప్పుకోలేదు. "మా దగ్గర ముక్క కొలత తప్పితే ఏ పక్కకు తప్పిందో చూస్తాము. లావయితే మళ్ళా అరగదీయొచ్చు. సన్నమయితే పారేయాల్సిందే. రెండూ రవ్వంతే, కానీ రెండూ ఒకటి కాదు. నీది ఏ పక్కకు తప్పుతా ఉండాది?"

చూశాను. తీసుకునేవాడి పక్కకు తప్పుతోంది. ఎవరైనా ఒక ప్రోగ్రాం రాసి అదే చిన్న మార్పిడిని లక్షసార్లు చేయిస్తే కుప్ప ఖాళీ అవుతుంది. శేషం ఎప్పుడూ కుప్పలోనే మిగిలేలా కోడ్లో ఒక వరుస మార్చాను. మిగతా చోట్ల భాగహారాలన్నీ ఇద్దరం కలిసి చూడడానికి ఇంకో రెండు ఆదివారాలు పట్టింది. అలాంటిదే మరొకటి దొరికింది. నేను చదువుకున్న చదువులో ఈ సంగతి ఉంది. నేను దాన్ని పట్టించుకోలేదు, ఆమె పట్టించుకుంది.

అసలు నెట్‌వర్క్‌లో పెట్టిన రోజు కూడా ఆదివారమే. ఒకసారి పెడితే మేమూ మార్చలేము. మార్చే తాళం ఒకటి మా దగ్గర ఉంచుకోవచ్చు, చాలామంది ఉంచుకుంటారు. దాని గురించి నెల రోజులు మాట్లాడుకుని, చివరికి వద్దనుకున్నాం. తాళం ఉంటే, ఆ తాళం ఉన్నవాళ్ళను నమ్మాలి. ఆమె ఒకసారి నమ్మి చూసింది. బటన్ నొక్కాను. కొన్ని క్షణాలకు కాంట్రాక్ట్ ఎక్కడుందో చెప్పే అడ్రస్, అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక పొడుగాటి వరుస, తెర మీద వచ్చింది. ఇద్దరం చెరి కొంచెం టోకెన్లు వేసి మొదటి కుప్పలు పోశాం. తర్వాత ఆమె తెచ్చిన చిత్రాన్నం తిన్నాం. ఆమె బట్టలు ఉతికే పని ఉందని వెళ్ళిపోయింది. నేను మధ్యాహ్నమంతా ఆ అడ్రస్‌ను ఊరికే తెరిచి చూస్తూ కూర్చున్నాను.

మార్పిడి చేసుకోవడానికి ఒక వెబ్ పేజీ, మాట్లాడుకోవడానికి ఒక చర్చల పేజీ తయారుచేశాను. నెమ్మదిగా మనుషులు వచ్చారు. పెద్ద గుంపేమీ కాదు. మాతో కలిపి పదకొండు మంది కుప్పల్లో టోకెన్లు పోశారు. వాళ్ళ పేర్లు, దేశాలు మాకు తెలియవు, వాళ్ళవీ అలాంటి అడ్రసులే కనిపిస్తాయి.

కొన్ని నెలల తర్వాత ఈమెయిల్లో ఒక ఉత్తరం వచ్చింది. రాసినాయన వేరే దేశంలో బడిపంతులు. ఆయన ఇంగ్లీషు కష్టపడి కూడబలుక్కుని రాసినట్టుంది. "మీ అడ్రస్‌కు నా టోకెన్లు పంపాను. మార్చినవి నాకు రాలేదు. దయచేసి చూడండి." వెళ్ళి చూస్తే సంగతి అర్థమైంది. ఆయన మార్పిడి బటన్ నొక్కలేదు. మా పేజీలో ఉన్న కాంట్రాక్ట్ అడ్రస్ కాపీ చేసుకుని, టోకెన్లు దాచుకునే తన వాలెట్ నుంచి నేరుగా అక్కడికి పంపేశాడు. ఎవరు పంపారో, ఎందుకు పంపారో కాంట్రాక్ట్‌కు అక్కర్లేదు. కుప్ప పెరిగింది అనుకుంది, అంతే. వెనక్కి ఇచ్చే మార్గం దానిలో లేదు, పెట్టే అధికారం మాకు లేదు.

నేను జాగ్రత్తగా ఒక జవాబు రాశాను. ఏం జరిగిందో, ఎందుకు సరిదిద్దలేమో, ఎంత విచారిస్తున్నామో అందులో ఉంది. పంపేముందు అక్కకు చదివి వినిపించాను.

"నువ్వు రాసిందంతా నిజమే" అంది. "ఆ టోకెన్లు ఇప్పుడు ఎవరివి?"

"కుప్ప పోసినవాళ్ళ వాటాల్లో కలిసిపోయాయి."

"మన వాటాలో కూడా?"

"మన వాటాలో కూడా ఉన్నాయి."

"అయితే మనది మనం తీసి ఆయనకు ఇయ్యొచ్చు కదా. ఇచ్చేకి కాంట్రాక్ట్‌కు కాదు, మనకు అవుతుంది." మళ్ళీ తనే అడిగింది. "ఆ అడ్రస్ పక్కన కాపీ బటన్ పెట్టిందెవరు?"

"నేనే."

ఆ ఉత్తరం చెరిపేశాను. నిజం చెప్పాలంటే సిగ్గేసింది. తప్పు లేకుండా రాసిన ఉత్తరం కాబట్టి నా బాధ్యత తీరిపోయిందనుకున్నాను.

ఆయన పంపిన టోకెన్లలో ఏ అడ్రస్ వాటాలోకి ఎంత చేరిందో లెక్కకట్టాను. ఒక కుప్ప ఉన్నట్టుండి పెరిగితే అందులోని టోకెన్ల ధర పడిపోతుంది. ఈలోపు అది చూసి ఎవరో దారినపోయేవాళ్ళు కొంత మార్చుకుని వెళ్ళిపోయారు, అది ఇంక రాదు. మిగిలిన లెక్కను అందరికీ కనబడేలా మా చర్చల పేజీలో పెట్టి, కింద ఇలా రాశాను: ఇది పొరపాటున మన దగ్గరికి వచ్చింది. ఇవ్వాలని ఏ కోడూ బలవంతపెట్టదు. మేమిద్దరం మా వాటా ఇచ్చేశాం. మీకూ ఇవ్వాలనిపిస్తే ఇదిగో ఆయన అడ్రస్.

వారం దాకా ఏమీ లేదు. తర్వాత ఒక అడ్రస్ నుంచి ఒక్క మాట కూడా లేకుండా సరిగ్గా లెక్క ప్రకారం టోకెన్లు ఆయనకు వెళ్ళాయి. రెండు రోజులకు ఇంకొకరు. ఇంకొకాయన లెక్కకంటే కాస్త ఎక్కువే ఇచ్చి, "ఇవి నా దగ్గర ఉన్నట్టే నాకు తెలియదు" అని పేజీలో రాశాడు. అందరికంటే పెద్ద వాటా ఉన్నాయన మాత్రం ఇవ్వనన్నాడు. "కోడ్ ఏం చెబితే అదే అని ఒప్పుకునే అందరం వచ్చాం. ఇప్పుడు జాలి చూపిస్తే రేపు దేన్ని నమ్మాలి?" అని మర్యాదగానే రాశాడు. నాకు కోపం వచ్చి గట్టి జవాబు రాయబోయాను.

"ఊరికే ఉండమ్మా" అంది అక్క. "ఆయన చెప్పేదీ ఒక న్యాయమే. ఇయ్యమని అడిగినాము, ఇయ్యనన్నాడు. గలాటా ఎందుకు?"

మేమిద్దరం కాకుండా ఐదుగురు ఇచ్చారు. ముగ్గురు జవాబే ఇవ్వలేదు. పంతులుగారికి పోయినదాంట్లో సగానికి కొంచెం తక్కువ తిరిగి చేరింది. ఆయన రాసిన రెండో ఉత్తరం ఆఫీసుకు వెళ్తూ రైల్లో చదివాను. నష్టాన్ని ఎప్పుడో ఒప్పేసుకున్నానని, ముఖం తెలియని మనుషులు ఒకరి తర్వాత ఒకరు పంపడం చూసి తన భార్యను పిలిచి చూపించానని రాశాడు. బడిలో కంప్యూటరు పాఠాలు కూడా తనే చెబుతానని, పేజీని బాగుచేయడంలో సాయం చేయవచ్చా అని కూడా అడిగాడు.

మరుసటి వారం పేజీ కోడ్లో చేయాల్సిన మార్పు ఆయన నుంచే వచ్చింది. కాపీ బటన్ తీసేసి, దాని స్థానంలో ఇంగ్లీషులోనూ తన భాషలోనూ ఒక హెచ్చరిక పెట్టాడు. దాన్ని చేర్చేముందు, తెలుగులో, కన్నడంలో కూడా ఉండాలని అక్క పట్టుబట్టింది. నేను "ఇక్కడికి పంపిన టోకెన్లు తిరిగి రావు" అని రాశాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"కొన్ని వచ్చినాయి కదా. అబద్ధం రాయకూడదు."

చివరికి ఆమె చెప్పినట్టే రాశాం: "ఇది టోకెన్లు పంపే అడ్రస్ కాదు. ఇక్కడికి పంపితే తిరిగి ఇప్పించే అధికారం ఎవరికీ లేదు."

తర్వాత రెండో కాంట్రాక్ట్ రాశాం. ఎవరైనా నేరుగా పంపితే ఆ మొత్తం కుప్పలో కలవకుండా పక్కన ఉండి, పంపిన అడ్రస్‌కే తిరిగి వెళ్ళే దారి వెతకడానికి చాలా కష్టపడ్డాను. పూర్తిగా కుదరలేదు. ఎవరు పంపారో కాంట్రాక్ట్‌కు తెలిసే వీలు ఆ రకం టోకెన్లలో లేదు. కుదరని సంగతి కూడా అందరూ చదివేచోటే రాసిపెట్టాం. పంతులుగారు దాని మీద ఇంకా ఏదో ఆలోచిస్తున్నారు. పోయిన ఆదివారం ఒక కొత్త పద్ధతి పంపారు. అక్క నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పి, పైన తేదీ వేసి, అతి చిన్న మొత్తంతో మొదలుపెట్టమంది.